నౌపడ – గుణుపూర్ చిన్నరైలు: శివారుకు చేరిన లైను కథ



మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు ఎప్పుడు నడిచింది అని అడిగితే మీరందరూ టక్కున చెబుతారు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణా వరకు, 34 కిలోమీటర్లు. పోటీ పరీక్షల్లో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది కాబట్టి బట్టీ పట్టేశాం. కానీ శ్రీకాకుళం జిల్లాలో మొదలై కొండల దాకా పోయే నౌపడ – గుణుపూర్ లైను ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని అడిగితే చాలామంది తలలు గోక్కుంటారు. పరీక్షలో రాకపోయినా తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉంటాయి. ఈ లైను కథ వాటిలో ఒకటి. పెద్ద ఊళ్లకు దూరంగా ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఖర్చు వృథా అవుతుందా, కాదా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. ఆ ప్రశ్న మన హాస్టళ్లకు కూడా సంబంధించినదే.

బ్రాంచి లైను అంటే ఏమిటి?

పొలం ఉన్న ఇంటి పిల్లలకు, పొలం పనికి పోయే ఇంటి పిల్లలకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఆనకట్ట నుంచి పెద్ద కాలువ బయలుదేరుతుంది. దాని నుంచి పిల్ల కాలువలు చీలతాయి. పిల్ల కాలువ లేకపోతే పెద్ద కాలువలో ఎంత నీరు పారినా శివారు మడి ఎండిపోతుంది. రైల్వేలోనూ అంతే. మద్రాసు – కలకత్తా లైను పెద్ద కాలువ. దాని నుంచి చీలి లోపలి ఊళ్లకు పోయేది బ్రాంచి లైను.

ఆంధ్ర తీరం వెంట పెద్ద లైను 1890ల్లో వచ్చింది. అప్పుడు దాని పేరు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. మన పెద్దవాళ్లు బి.ఎన్.ఆర్. అనేది దీనినే. ఆ లైను మీద ఇప్పటి సంతబొమ్మాళి మండలంలో ఉన్న స్టేషను నౌపడ. ఉప్పు మళ్లకు పేరు పొందిన ఊరు అది. అక్కడి నుంచి పడమరగా, వాయవ్యంగా పోతే టెక్కలి, టెంబూరు, పాతపట్నం వస్తాయి. ఆ తర్వాత పర్లాకిమిడి, కాశీనగర్, చివరికి వంశధార ఒడ్డున గుణుపూర్. ఒక చివర సముద్రపు ఉప్పు, మధ్యలో వరి పొలాలు, రెండో చివర అడవులు, సవర గూడేలు. ఈ మూడింటికీ ఒకదాని అవసరం మరొకదానికి ఉంది.

పర్లాకిమిడి రాజావారి లైను

ఆ రోజుల్లో పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రంలో, గంజాం జిల్లాలో ఒక పెద్ద జమీందారీ. పెద్ద లైను నౌపడ మీదుగా పోయింది కానీ పర్లాకిమిడికి రాలేదు. మధ్యలో దాదాపు 40 కిలోమీటర్ల దూరం. అప్పటి జమీందారు గౌరచంద్ర గజపతి తన రాజధానిని పెద్ద లైనుతో కలపాలని నిశ్చయించారు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో లైను వేశారు. 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే.

లెక్క వేసి చూడండి. 7 లక్షలను 40తో భాగిస్తే కిలోమీటరుకు 17,500 రూపాయలు. ఆ కాలపు కూలి రేట్లతో చూస్తే అది చాలా పెద్ద మొత్తం.

ఇక్కడ ఒక మాట. చరిత్ర పుస్తకాల్లో రాజావారి పేరు ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఏ రైల్వే లైనూ డబ్బుతో మాత్రమే పడదు. కట్ట వేయడానికి మట్టి తవ్వాలి, తట్టలు మోయాలి, కంకర కొట్టాలి, స్లీపర్లు పరచాలి, పట్టాలు ఎత్తాలి. వేసిన తర్వాత కూడా పని ఆగదు. గ్యాంగ్‌మన్‌లు ఎండలోనూ వానలోనూ కట్టను సరిచేస్తూ ఉండాలి. కీమన్ భుజాన సుత్తి వేసుకుని తన భాగం లైను మొత్తం రోజూ నడిచి, వదులైన బిగింపులను బిగించాలి. ఆ నడక ఒక్కరోజు తప్పినా బండికి ప్రమాదమే. ఈ పని చేసినవాళ్లు ఎక్కువగా మన తాతముత్తాతల వంటి పేదలే. ఏ కట్టడం చరిత్ర చదివినా, కట్టించినవారి పేరుతో పాటు కట్టినవారి చేతులను కూడా తలుచుకోవాలి.

రెండున్నర అడుగుల దారి

రెండు పట్టాల మధ్య ఉన్న వెడల్పును గేజి అంటారు. మన దేశంలో ముఖ్యంగా మూడు రకాలు చూస్తాం. బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. మీటరుగేజి 1,000 మిల్లీమీటర్లు. నేరోగేజిలో రెండు కొలతలు ఉన్నాయి, 762 మిల్లీమీటర్లు, 610 మిల్లీమీటర్లు. పర్లాకిమిడి లైను 762 మిల్లీమీటర్లది, అంటే రెండున్నర అడుగులు. జనం దీన్ని చిన్నరైలు అన్నది ఇందుకే.

చిన్న గేజి ఎందుకు ఎంచుకున్నారు? ఖర్చు తక్కువ. కట్ట వెడల్పు తక్కువ కాబట్టి మట్టిపని తక్కువ. బండి తేలిక కాబట్టి పట్టాలు సన్నవి చాలు, వంతెనలు చిన్నవి చాలు. కొండల పక్కన గట్టి మలుపులు తిప్పుకోవచ్చు. పెద్ద లైను వేయడానికి డబ్బు చాలని చోట ఇలా వేస్తే లైను అనేది ఒకటి వస్తుంది.

మరి నష్టం ఏమిటి? వేగం తక్కువ, మోసే బరువు తక్కువ. అన్నింటికంటే పెద్ద ఇబ్బంది నౌపడలో. చిన్న బండి చక్రాలు పెద్ద పట్టాలకు సరిపోవు. పర్లాకిమిడిలో బియ్యం బస్తా ఎక్కిస్తే అది నేరుగా విశాఖపట్నం పోదు. నౌపడలో చిన్న వ్యాగను నుంచి దించి, పెద్ద వ్యాగనులోకి మళ్లీ ఎక్కించాలి. రెండుసార్లు కూలి, రెండుసార్లు కాలహరణం. ప్రయాణికులకూ అంతే. పిల్లలతో, మూటలతో దిగి, పెద్ద బండి కోసం కాచుకోవాలి. గేజి మారే చోట వచ్చే ఈ ఇబ్బందే తర్వాత లైను రూపురేఖలు మారడానికి కారణమైంది.

పదేళ్ల నష్టం చెప్పే పాఠం

ఇప్పుడు ఈ కథలో ముఖ్యమైన చోటికి వచ్చాం. ఎంతో ఆశతో వేసిన ఈ లైను మొదటి సంవత్సరాల్లో నష్టాల్లో నడిచింది. 1910 తర్వాత గానీ కొద్దిపాటి లాభం కనిపించలేదు. 1924-25 తర్వాత లాభం బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే లైనును ముందుకు పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగతాది పూర్తయి బండి గుణుపూర్ చేరింది. మొత్తం పొడవు దాదాపు 90 కిలోమీటర్లు అయింది. అప్పటికి పర్లాకిమిడి గద్దె మీద కృష్ణచంద్ర గజపతి ఉన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. 1905లోనో 1908లోనో ఎవరైనా లెక్కల పుస్తకం తెరిచి, ఈ లైను దండగ, పట్టాలు పీకి అమ్మేయండి అని ఉంటే? ఆ రోజు లెక్క ప్రకారం ఆ మాట తప్పు కాదు. కానీ పట్టాలు పీకి ఉంటే 1925 నాటి లాభం ఉండేది కాదు, 1931లో గుణుపూర్‌కు బండి కూత వినిపించేది కాదు.

కొత్త దారికి అలవాటు పడటానికి జనానికి కాలం పడుతుంది. ఎడ్లబండి మీద సంతకు పోయే రైతు మొదటి రోజే రైలెక్కడు. వ్యాపారి స్టేషను దగ్గర గిడ్డంగి కట్టాలి. కొడుకును దూరపు బడికి పంపవచ్చని తండ్రికి నమ్మకం కలగాలి. ఇవన్నీ కుదరడానికి సంవత్సరాలు కావాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. బ్రాంచి లైను చేసే మేలు దాని సొంత ఖాతాలో పూర్తిగా కనిపించదు. ఒక మనిషి బ్రాంచి లైను మీద 40 కిలోమీటర్లు, ఆ తర్వాత పెద్ద లైను మీద 400 కిలోమీటర్లు పోయాడనుకుందాం. దూరాన్ని బట్టి ఛార్జీ పంచితే బ్రాంచి లైనుకు వచ్చేది 11లో ఒక వంతు. 10 వంతులు పెద్ద లైను ఖాతాలో పడతాయి. కానీ బ్రాంచి లైనే లేకపోతే ఆ మనిషి బహుశా ప్రయాణమే పెట్టుకునేవాడు కాదు. పిల్ల కాలువను విడిగా చూసి, దీని వల్ల ఏం లాభం అనడం ఇలాంటిదే.

మన సంగతికి రండి. ఇంట్లో మొట్టమొదటగా బడికి వచ్చిన పిల్లవాడి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు మొదటి సంవత్సరమే తిరిగి రాదు. బియ్యం, పుస్తకాలు, దుప్పట్లు, ట్యూటర్ల జీతాలు, అన్నీ ఖర్చు పద్దులోనే కనిపిస్తాయి. ఆ పిల్లవాడు టీచరో, నర్సో, ఇంజనీరో అయ్యాక అతను సంపాదించేది, సమాజానికి చేసేది హాస్టలు ఖాతాలో ఎక్కడా రాయరు. అతని పిల్లలు సులువుగా చదువుకోవడం అసలే రాయరు. కాబట్టి హాస్టళ్లు దండగ అని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోవద్దు. ఈ చిన్నరైలు లెక్క చెప్పండి.

1936: రెండు రాష్ట్రాల లైను

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. గుణుపూర్ కూడా అటే పోయింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. పాతపట్నానికి, పర్లాకిమిడికి మధ్య మహేంద్రతనయ ఏరు ఒక్కటే అడ్డం. ఒక ఒడ్డున ఒక రాష్ట్రం, రెండో ఒడ్డున మరో రాష్ట్రం. ఒక్క లైను రెండు రాష్ట్రాలది అయింది. కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు. ఆ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు.

ఈ మార్పు చాలామంది జీవితాలను కదిలించింది. వారిలో మనందరికీ తెలిసిన మహానుభావుడు గిడుగు వెంకట రామమూర్తి గారు. 1863 ఆగస్టు 29న వంశధార తీరాన పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. వ్యావహారిక భాష కోసం పోరాడారని మనం చదువుకుంటాం. అంతకు ముందే ఆయన సవరల భాష నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషలో పుస్తకాలు రాశారు. సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టారు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో 1936లో ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. పిల్లవాడి భాషలో చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. శివారుకు దారి వేయడం అంటే పట్టాలు వేయడం మాత్రమే కాదు, అక్కడివాళ్ల మాట నేర్చుకోవడం కూడా అని ఆయన బతికి చూపించారు.

సరిహద్దు గీత పడినా పట్టాలు ఆగలేదు. పాతపట్నంవాళ్లు పర్లాకిమిడి బజారుకు పోతూనే ఉన్నారు. తెలుగు, ఒరియా, సవర మాటలు కలగలిసి వినిపించే నేల అది.

టికెట్టుకు కులం లేదు, కానీ...

రైలు మన సమాజానికి చేసిన మేలు ఒకటుంది. టికెట్టు కొన్నవాడిని కులం అడగకుండా ఎక్కించుకుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో గ్రామంలో కట్టుబాటు ఉండేది. పెట్టెలో ఆ కట్టుబాటు నిలబడటం కష్టమైంది.

అయితే రైలు స్టేషను దాకానే తెస్తుంది. ఆ తర్వాతి దారి సమాజానిది. ఇది తెలియాలంటే డాక్టర్ అంబేద్కర్ గారి బాల్యంలో జరిగిన ఒక సంఘటన చూడాలి. పర్లాకిమిడి లైను మొదలైన మరుసటి ఏడు, 1901లో, మహారాష్ట్రలో చిన్నపిల్లవాడైన అంబేద్కర్, అన్న, మేనల్లుళ్లతో కలిసి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరకు రైల్లో బయలుదేరారు. శుభ్రమైన బట్టలు వేసుకున్న పిల్లల్ని చూసి రైల్లో ఎవరూ ఏమీ అనలేదు. మసూర్ స్టేషనులో దిగారు. మీరెవరని స్టేషను మాస్టరు అడిగాడు. మహార్లమని తెలియగానే అతని ముఖం మారిపోయింది. బండ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకతను రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు అన్న షరతు మీద. ఈ సంగతి అంబేద్కర్ గారే తర్వాత రాశారు.

కొత్త దారి వస్తే చాలదు, ఆ దారి చివర మనిషిని మనిషిగా చూసేవాళ్లు ఉండాలి. రైలు ఆ పని చేయలేదు. చదువు, చట్టం, మనలో మనకు ఉండే ఐకమత్యం చేయాలి.

ఆగిపోయిన సంవత్సరాలు

పర్లాకిమిడి లైట్ రైల్వే కాలక్రమంలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరింది. 1944లో బి.ఎన్.ఆర్. ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే పని మొదలుపెట్టింది. పేర్లు మారినా చిన్నరైలు మాత్రం నెమ్మదిగా నడుస్తూనే ఉంది.

దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న పథకాన్ని రైల్వేశాఖ 1992లో చేపట్టింది. ఈ లైనును బ్రాడ్‌గేజిగా మార్చే పనికి 2002లో శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో చిన్నరైలును ఆపేశారు. పెద్ద బండి పర్లాకిమిడి చేరింది 2010లో. గుణుపూర్ చేరింది 2011లో.

ఈ తేదీలను మామూలుగా చదివి వదిలేయకండి. 2004 జూన్‌లో గుణుపూర్ దగ్గర ఒక అమ్మాయి ఆరో తరగతిలో చేరిందనుకోండి. 2009కి పదో తరగతి, 2011కి ఇంటర్ పూర్తవుతాయి. అంటే హైస్కూలు, ఇంటర్ చదువు మొత్తం రైలు లేకుండానే గడిచిపోయింది. బస్సు ఛార్జీ భరించగలిగిన ఇంటివాళ్లు సర్దుకున్నారు. భరించలేనివాళ్ల సంగతి మనం ఊహించగలం.

మార్చడం తప్పా అంటే కాదు. పెద్ద గేజి వచ్చాక పూరీ నుంచి గుణుపూర్ దాకా ఒకే బండి నడిచింది. నౌపడలో దిగి ఎక్కే బాధ, బస్తాలు దించి ఎక్కించే ఖర్చు పోయాయి. మంచి పనే. కానీ మంచి పని ఆలస్యమైతే ఆ ఆలస్యపు భారం ఎవరి మీద పడుతుంది? పెద్ద లైను మీద నాలుగు గంటలు బండ్లు ఆగితే పత్రికల్లో వార్త వస్తుంది. బ్రాంచి లైను ఆరేడు సంవత్సరాలు ఆగితే ఆ ఊళ్లవాళ్లే మోస్తారు. శివారు మడికి నీరు చివరికి చేరుతుంది, కొరత వస్తే మొదట ఎండేది కూడా అదే. అందుకే శివారువాళ్లు తమ పని ఎంతవరకు వచ్చిందో తామే అడుగుతూ ఉండాలి. అర్జీ రాయడం, గడువు అడగడం, జవాబు వచ్చేదాకా విడవకపోవడం చదువుకున్న మనం నేర్చుకుని ఊరికి నేర్పాల్సిన విద్య.

గుర్తుంచుకోవడానికి ఒక చిట్కా

ఈ కథలో ఏప్రిల్ 1 మూడుసార్లు వస్తుంది. 1900లో లైను ప్రారంభం, 1936లో ఒరిస్సా ఏర్పాటు, 2003లో తూర్పు కోస్తా రైల్వే. మన ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి కొత్త ఏర్పాట్లను తరచుగా ఆ రోజు నుంచే అమలు చేస్తారు. కారణం తెలిస్తే తేదీ మరచిపోం.

మీరే చేసి చూడండి

1. బ్రాడ్‌గేజికి, 762 మిల్లీమీటర్ల నేరోగేజికి తేడా ఎంత? అడుగుల్లో చెప్పండి.

2. నౌపడ – పర్లాకిమిడి 40 కిలోమీటర్లు, మొత్తం లైను 90 కిలోమీటర్లు అనుకుంటే, 1929, 1931ల్లో పొడిగించినది ఎంత? మొత్తంలో అది ఎన్నో వంతు?

3. పటం మీద వంశధార, మహేంద్రతనయ గుర్తించి, లైను గీసి, రాష్ట్ర సరిహద్దు ఎక్కడ దాటుతుందో చూపించండి.

4. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరికి మొదటి రోడ్డు, మొదటి బస్సు, మొదటి కరెంటు దీపం, మొదటి బడి ఎప్పుడు వచ్చాయో పెద్దవాళ్లను అడిగి నోటుపుస్తకంలో రాయండి. ఆ పనికి ఎవరు కూలికి పోయారో పేర్లతో సహా రాయండి.

నాలుగో ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ దొరకదు. మీరు రాస్తేనే ఉంటుంది. వచ్చే వార్షికోత్సవ సంచికకు అలాంటి నాలుగు ఊళ్ల చరిత్రలు వస్తే ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

పెద్ద లైను మీదికి చేరిన పూర్వ విద్యార్థులకు చివరగా ఒక మనవి. ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో, దూరపు నగరాల్లో మీరు ఎంత ముందుకు పోయినా మనందరం బండి ఎక్కింది ఒక చిన్న స్టేషనులో. ఆ స్టేషను ఇంకా పనిచేయాలి. సంవత్సరానికి ఒక్కసారైనా వచ్చి పదో తరగతి పిల్లలకు ఒక పూట లెక్కలో, ఇంగ్లీషో చెప్పి వెళ్లండి. అది ఏ ఖాతాలోనూ కనిపించదు. ఫలితం మాత్రం పదేళ్లకు తప్పక తెలుస్తుంది.